సూటు, సిగార్, మన బొగ్గు: ‘ఓల్డ్ మనీ’ అసలు కథ

ఈ మధ్య రీల్స్‌లో ఒక ట్రెండ్ బాగా తిరుగుతోంది, మీరూ చూసే ఉంటారు. త్రీ పీస్ సూటు, మెరిసే లెదర్ బూట్లు, వెనక పాత బంగళా, చేతిలో వెలిగించని సిగార్. కింద క్యాప్షన్: ‘ఓల్డ్ మనీ’. ఇప్పుడు మన జనగామ, మహబూబాబాద్ పెళ్ళి ఫోటోషూట్ల దాకా వచ్చేసింది. బాగుంది. సూటు వేస్తే ఎవరైనా బాగుంటారు, అందులో తప్పేం లేదు.

కానీ నాకో డౌటు వచ్చింది. ఓల్డ్ మనీ అంటున్నాం కదా, మన దగ్గర ఆ పాత డబ్బు ఎవరిది? ఎక్కడి నుంచి వచ్చింది? ఆ సూటు, ఆ సిగార్ మన ఊళ్ళ దాకా ఏ దారిన వచ్చాయి? తవ్వుకుంటూ పోతే ఆ దారి జనగామ స్టేషన్ మీదుగా, మహబూబాబాద్ పేరు మీదుగా, భూపాలపల్లి బొగ్గు గనుల మీదుగా పోయింది. ఈరోజు ఎపిసోడ్ అదే.

1896 నవంబర్ నుంచి మొదలుపెడదాం. సికింద్రాబాద్. ఇరవై ఒక్క ఏళ్ళ ఇంగ్లీషు కుర్రాడొకడు బెంగళూరు నుంచి పోలో ఆడటానికి వచ్చాడు. ఇండియాలో దిగి రెండు నెలలు కూడా కాలేదు. అతని జట్టు నిజాం గారి గోల్కొండ బ్రిగేడ్‌ని ఓడించి, గోల్కొండ కప్పు గెలుచుకుంది. ఆ ట్రిప్పులోనే హైదరాబాద్ రెసిడెంట్ గారి కూతురు పమేలా ప్లౌడెన్ పరిచయమైంది. మనవాడు ఫ్లాట్. ఆ కుర్రాడి పేరు విన్‌స్టన్ చర్చిల్.

చర్చిల్ అనగానే ఏం గుర్తొస్తుంది? నోట్లో సిగార్. ఆ సిగార్ అతనికి క్యూబా తగిలించింది. అంతకు ఏడాది ముందు, 1895లో, క్యూబా జనం స్పెయిన్ మీద తిరగబడ్డారు. చర్చిల్ స్పెయిన్ సైన్యం వైపు నిలబడి యుద్ధం చూడటానికి హవానా వెళ్ళాడు. తన 21వ పుట్టినరోజు అక్కడే జరిగింది. హవానా సిగార్ రుచి అక్కడ మరిగినవాడు చచ్చేదాకా వదల్లేదు. ఇప్పటికీ సిగార్లలో ఒక పొడవైన సైజుని ‘చర్చిల్’ అనే పిలుస్తారు.

మరి ఓల్డ్ మనీకి బ్రాండ్ అంబాసిడర్ లాంటి ఈయన మన దేశంలో వదిలి వెళ్ళిన గుర్తు ఏంటో తెలుసా? బెంగళూరు క్లబ్బు లెడ్జర్‌లో 13 రూపాయల బాకీ! 1899లో క్లబ్బు వాళ్ళు దాన్ని ‘రాని బాకీల’ లిస్టులో రాసేశారు. ఆ లెడ్జర్‌ని ఇప్పటికీ భద్రంగా దాచుకున్నారు. సూటు బాగుంటే బిల్లు కట్టినట్టు కాదన్నమాట.

సరే, ఇప్పుడు సిగార్ సంగతి. పొగాకు పుట్టింది అమెరికా ఖండాల్లో. 1492లో కొలంబస్ మనుషులు క్యూబాలో దిగినప్పుడు అక్కడి తైనో జనం ఆకుని చుట్టి వెలిగించి పీల్చడం చూశారు. ఆ తర్వాత పోర్చుగీసు ఓడల్లో పొగాకు మన పడమటి తీరానికి వచ్చింది, అక్కడి నుంచి దక్కనుకి. అక్బర్ ఆస్థానానికి పొగాకుని పరిచయం చేసింది మన దక్కనే. అసద్ బేగ్ అనే ఉద్యోగి బీజాపూర్‌లో దాన్ని చూసి, రత్నాలు పొదిగిన గొట్టంతో సహా పట్టుకెళ్ళి చక్రవర్తి ముందు పెట్టాడు. ఇది 1604 ప్రాంతంలో. అదే 1604లో ఇంగ్లండ్ రాజు ఒకటో జేమ్స్ పొగాకుని తిట్టిపోస్తూ ఏకంగా ఒక పుస్తకమే అచ్చు వేయించాడు. ఎవరు విన్నారు?

ఇంకో తమాషా చూడండి. ఇంగ్లీషులో ‘చెరూట్’ అని ఒక మాట ఉంది. రెండు వైపులా కోసిన సిగార్‌ని అలా అంటారు. అది తమిళంలోని ‘సురుట్టు’ నుంచి వచ్చింది. సురుట్టు అంటే చుట్టినది. మన తెలుగులో? చుట్ట! అంటే చెరూట్‌కి మన చుట్ట దగ్గరి చుట్టమే. మీ తాత అరుగు మీద కూర్చుని కాల్చిన చుట్టకీ, లండన్ క్లబ్బులో దొర కాల్చిన చెరూట్‌కీ పేరు పుట్టింది ఒకచోటే.

పేరొక్కటే కాదు, ఆకు కూడా. గోదావరి మధ్యలో లంకలున్నాయి కదా, వరద వచ్చి ఒండ్రు వేసి పోయే నేలలు. అక్కడ పండే లంక పొగాకు చుట్టలకి పెట్టింది పేరు. మద్రాసు రాష్ట్రంలో తిరుచునాపల్లి, దిండిగల్ వైపు చుట్టిన చెరూట్లు ఓడలెక్కి ఇంగ్లండ్ పోయేవి. 1887లో వచ్చిన మొదటి షెర్లాక్ హోమ్స్ నవల ‘ఎ స్టడీ ఇన్ స్కార్లెట్’లో హోమ్స్ హంతకుడి గురించి చెప్పిన ఆనవాళ్ళలో ఒకటి, అతను తిరుచునాపల్లి సిగార్ కాలుస్తాడని. బూడిద చూసి కనిపెట్టేస్తాడు. అప్పట్లో లండన్‌లో అంత ఫేమస్ మన సౌత్ చుట్ట.

ఇక సూటు. అంతకుముందు యూరప్ జమీందార్లు పట్టు, జరీ, పౌడరు కొట్టిన విగ్గులతో మన పెళ్ళికొడుకుల కంటే ఎక్కువ మెరిసేవాళ్ళు. 1800 ప్రాంతంలో లండన్‌లో బ్యూ బ్రమెల్ అనే ఆయన ఆ ఆర్భాటం అంతా తీసేశాడు. ముదురు రంగు కోటు, తెల్లటి చొక్కా, ఒంటికి అతికినట్టు కొలత, అంతే. మెరుపు పోయి కుట్టు ముందుకొచ్చింది. అప్పటి నుంచి గొప్ప బట్ట అంటే గొప్ప దర్జీ. శావిల్ రో అనే ఒక్క వీధిలో ఆ దర్జీలు స్థిరపడ్డారు. అక్కడి హెన్రీ పూల్ షాపులో 1865లో వేల్స్ యువరాజు పొట్టి కోటొకటి కుట్టించుకున్నాడు, భోజనం దగ్గర హాయిగా కూర్చోడానికి. ఈరోజు మనం టక్సీడో అంటున్నది దాని సంతతే. ఫ్రెంచి వాళ్ళు, జర్మన్లు దాన్ని ఇప్పటికీ ‘స్మోకింగ్’ అంటారు. ఎందుకంటే పొగ తాగేటప్పుడు వేసుకునే కోటు నుంచి వచ్చిన పేరది. చూశారా, సూటుకీ సిగార్‌కీ బంధుత్వం ఎంత పాతదో!

ఈ రెండూ మన దగ్గరికి ఎలా వచ్చాయి? ఇక్కడ మహబూబ్ అలీ ఖాన్ గారు వస్తారు. ఆరో నిజాం. 1866లో పుట్టాడు, 1869లో గద్దె ఎక్కాడు. అంటే సరిగ్గా మాటలు కూడా రాని వయసులో రాజు. దివాన్ సాలార్ జంగ్ పాలన చూసుకున్నాడు. పిల్లవాడికి ఇంగ్లీషు చదువు, ఇంగ్లీషు మర్యాదలు నేర్పడానికి ఇంగ్లీషు ట్యూటర్‌ని పెట్టారు. 1884లో పూర్తి అధికారం చేతికొచ్చింది. మహబూబాబాద్‌కి ఆ పేరు ఈయన మీదే వచ్చిందంటారు. అంతకుముందు, ఇప్పుడు కూడా జనం నోట్లో అది మానుకోటే.

ఈయనకి బట్టల పిచ్చి. హైదరాబాద్ పురానీ హవేలీలో ఈయన వార్డ్‌రోబ్ ఇప్పటికీ ఉంది, నిజాం మ్యూజియంలో చూడొచ్చు. మన బీరువా లాగా ఊహించుకోకండి. హవేలీలో ఒక పక్క భాగం మొత్తం, ఈ చివర నుంచి ఆ చివర దాకా, రెండంతస్తుల టేకు అలమారాలు. పైకి కిందికి పోవడానికి చేత్తో తిప్పే చెక్క లిఫ్టు. ఒకసారి వేసిన జత మళ్ళీ వేసేవాడు కాదని చెప్పుకుంటారు. అప్పటి ఫోటోల్లో ఒకసారి షేర్వానీ, ఒకసారి కోటూ ప్యాంటూ, ఒకసారి వేట డ్రెస్సు. అసలు షేర్వానీ కూడా పూర్తిగా పాతది కాదు, మన అచ్కన్, ఇంగ్లీషు ఫ్రాక్ కోటు కలిసి పుట్టిన బట్ట.

ఆయన బూట్లలో కూడా ఒక కథ దొరికింది. 1891లో సిమ్లా వ్యాపారి అలెగ్జాండర్ జాకబ్ ఒక పెద్ద వజ్రం అమ్మజూపాడు. బేరం చెడింది, కలకత్తా హైకోర్టులో కేసు నడిచింది. నిజాం అంతటివాడు వాంగ్మూలం ఇవ్వాల్సి వచ్చింది. పరువు పోయిందనుకున్నాడేమో, వజ్రం చేతికొచ్చినా మోజు పోయింది. ఆయన పోయిన తర్వాత కొడుకు ఉస్మాన్ అలీకి అది చౌమహల్లా ప్యాలెస్‌లో తండ్రి బూటు ముందు భాగంలో దొరికిందట. 184.75 క్యారెట్ల వజ్రం, బూటులో! 1995లో భారత ప్రభుత్వం కొన్న నిజాం నగల్లో ఇదీ ఉంది. మీరు ఓల్డ్ మనీ అంటున్నది ఈ లెవెల్ అన్నమాట.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ డబ్బు ఎక్కడిది?

రైలు పట్టాలు చూడండి. సికింద్రాబాద్ నుంచి లైను 1886లో వరంగల్ దాకా, 1889లో బెజవాడ దాకా వచ్చింది. జనగామ, మహబూబాబాద్ ఈ లైను మీదవే. పెట్టుబడి లండన్‌లో పోగైంది. పెట్టిన వాళ్ళకి వడ్డీ తప్పకుండా వస్తుందని గ్యారంటీ ఇచ్చింది నిజాం ప్రభుత్వం. అందుకే కంపెనీ పేరులోనే ఉంది: నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. లాభం వస్తే వాళ్ళది, తగ్గితే మన రైతు కట్టిన శిస్తులోంచి పూడ్చాలి. ఆ కాలంలోనే కొందరు ఇది అన్యాయం, లెక్కలు బయట పెట్టండి అని అడిగారు. 1883లో చాందా రైల్వే పథకం మీద జరిగిన ఆ గొడవ హైదరాబాద్ రాజ్యంలో తొలి ప్రజా ఆందోళనల్లో ఒకటి. అడిగినందుకు అఘోరనాథ్ చట్టోపాధ్యాయ గారిని ఊరి నుంచే వెళ్ళగొట్టారు. ఆయనెవరో తెలుసా? సరోజినీ నాయుడు గారి నాన్న.

తర్వాత బొగ్గు. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. 1886లో గనులు తవ్వుకునే హక్కు లండన్‌లో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి ఇచ్చారు. ఆ షేర్ల అమ్మకంలో ఎంత గోల్‌మాల్ జరిగిందంటే, 1888లో బ్రిటిష్ పార్లమెంటే ఒక కమిటీ వేసి విచారించింది. ఒక్కసారి ఊహించుకోండి, బొగ్గు మన నేల కింద, షేర్లు లండన్ పెద్దమనుషుల జేబుల్లో. ఆ కంపెనీ పనే 1920లో సింగరేణి కాలరీస్ చేతికొచ్చింది. 1945లో నిజాం ప్రభుత్వం ఎక్కువ వాటాలు కొన్నది. ఈరోజు భూపాలపల్లిలో కాకతీయ ఖని గనుల్లోకి షిఫ్టుకి దిగుతున్న కార్మికుడి కథ మొదలైంది అక్కడే.

ఈ లైను మీద ఇంకొక్క ఫ్రేమ్. 1902 ఏప్రిల్. వరంగల్‌కీ మహబూబాబాద్‌కీ మధ్య నెక్కొండ. వైస్రాయ్ లార్డ్ కర్జన్ ఇక్కడికి పులి వేటకి వచ్చాడు. నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ ఫోటో తీశాడు. కర్జన్ దంపతులు నిలబడి ఉన్నారు, కాళ్ళ దగ్గర చచ్చిన పులి. ఆ ఫోటో ప్రపంచమంతా తిరిగింది. ఆ పులిని అడవి నుంచి తరిమింది ఎవరు, డేరాలు మోసింది ఎవరు, నీళ్ళు తెచ్చింది ఎవరు? వాళ్ళ పేర్లు ఫోటో కింద లేవు.

ఇప్పుడు కథలో ట్విస్టు. 1911లో మహబూబ్ అలీ చనిపోయాడు, కొడుకు ఉస్మాన్ అలీ వచ్చాడు. 1937 ఫిబ్రవరిలో టైమ్ పత్రిక కవర్ మీద వేసి ప్రపంచంలోనే ధనవంతుడంది. మరి ఈయన లుక్ ఏంటి? నలిగిన షేర్వానీ, ఏళ్ళ తరబడి అదే పాత టోపీ. తాగేది హైదరాబాద్‌లో తయారయ్యే చవక చార్మినార్ సిగరెట్. తండ్రి బూటులో దొరికిన వజ్రాన్ని కాగితాలు ఎగరకుండా పెట్టుకునేవాడంటారు. జనం పిసినారి అని నవ్వుకున్నారు. అంటే నిజమైన ఓల్డ్ మనీ ఓల్డ్ మనీలా కనపడలేదు!

కొందరు ఇక్కడ ఆగిపోయి, చూశారా ఎంత సింపుల్ మనిషో అని మెచ్చుకుంటారు. నేను ఒప్పుకోను. తండ్రి రోజుకో కొత్త జత వేశాడు, కొడుకు పాత షేర్వానీతో గడిపాడు. దీనివల్ల ఊళ్ళో ఏం మారింది? ఏం మారలేదు. జనగామ తాలూకాలో దొరల గడీలు అలాగే ఉన్నాయి, వెట్టి అలాగే ఉంది. మాదిగలు దొరకి చెప్పులు ఊరికే కుట్టివ్వాలి. చాకలోళ్ళు బట్టలు ఊరికే ఉతకాలి. చెప్పులు కుట్టినవాడు చెప్పులేసుకుని గడీ ముందు నుంచి నడవకూడదు. విప్పి చేతిలో పట్టుకోవాలి. ‘బాంచన్, కాల్మొక్త’ అనాలి. దొర ముందు చుట్ట వెలిగించే ధైర్యం ఎవడికి? బట్ట, బూటు, పొగ, ఈ మూడింటికీ ఊళ్ళో లైసెన్స్ ఉండేది. ఆ లైసెన్స్ కులం, భూమి.

అది తెగింది ఎక్కడ? మన జనగామ నేల మీదే. విసునూరు దేశ్‌ముఖ్ చాకలి ఐలమ్మ పంటని గుంజుకోవాలని చూశాడు. పాలకుర్తిలో ఆమె సంఘం వాళ్ళతో కలిసి పంటని ఇంటికి చేర్చుకుంది. ఒక్కసారి గమనించండి, దొరల బట్టలు ఉతికే కులంలో పుట్టిన మనిషి దొరకి ఎదురు నిలబడింది. 1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపు మీద దొర మనుషులు కాల్పులు జరిపారు. దొడ్డి కొమురయ్య చనిపోయాడు. అక్కడి నుంచి తెలంగాణ సాయుధ పోరాటం ఊరూరికీ అంటుకుంది. కాబట్టి ఫ్రెండ్స్, ఈరోజు మీరు సూటేసుకుని, బూట్లు టకటకలాడిస్తూ జనగామ రోడ్డు మీద ఫోటో దిగుతున్నారంటే, ఆ నడకకి ఎవరో ఖర్చు పెట్టారు. ప్రాణం ఖర్చు పెట్టారు.

ఇక చివరగా భూపాలపల్లి అడవి. అక్కడ తునికి చెట్టు ఆకు బీడీ పైపొర అవుతుంది. ఏప్రిల్, మే ఎండల్లో తెల్లారకముందే ఇంటిల్లిపాదీ అడవికి పోతారు. కోసుకొచ్చిన ఆకుని 50 చొప్పున కట్టలు కట్టి కల్లంలో అప్పగిస్తారు, కట్టకింత అని డబ్బులు. ఆ రేటు కోసం కూడా దశాబ్దాల పాటు గొడవలు జరిగాయి. ఆ ఆకు నిజామాబాద్, సిరిసిల్ల లాంటి చోట్ల ఆడవాళ్ళ ఒళ్ళో చాటలోకి చేరుతుంది. వాళ్ళ వేళ్ళు రోజంతా చుడుతూనే ఉంటాయి.

సిగార్ గొప్పది, బీడీ చిన్నది అనుకుంటాం కదా. 1966లో పార్లమెంటు చేసిన చట్టం పేరు చూడండి: బీడీ, సిగార్ కార్మికుల చట్టం. ఆ చట్టం దృష్టిలో రెండూ ఒకటిగానే ఉండేవి, రెండూ చేత్తో చుట్టేవే. హవానాలోనూ అంతే. అక్కడ ఫ్యాక్టరీలో వందలమంది బల్లల ముందు కూర్చుని ఆకు చుడుతుంటే, ఒకాయన ఎత్తైన కుర్చీలో కూర్చుని వాళ్ళకి పేపరు, నవలలు చదివి వినిపించేవాడు. 1865 నుంచి ఉన్న పద్ధతి. మాంటెక్రిస్టో అనే ఫేమస్ సిగార్ పేరు ఆ చదివిన నవలల్లో ఒకదాని నుంచే వచ్చిందంటారు. అలా విని విని లోకం తెలుసుకున్న కార్మికులే, క్యూబా స్వాతంత్ర్యం కోసం హోసే మార్తీకి చందాలిచ్చారు. గుర్తుందా, 1895లో చర్చిల్ స్పెయిన్ సైన్యం పక్కన నిలబడి సిగార్ వెలిగించాడు. సిగార్లు చుట్టే చేతుల్లో చాలా మటుకు అవతలి పక్షానికి సాయం చేస్తున్నాయి.

అదీ కథ. సూటు వేసుకోండి, మంచి దర్జీతో కుట్టించుకోండి. మన ఊళ్ళో మంచి దర్జీలున్నారు, వాళ్ళకీ పని దొరుకుతుంది. సిగార్ మాత్రం ఫోటోకి కూడా వద్దనే చెప్తా. హవానాదైనా, లంక చుట్టైనా, బీడీ అయినా ఊపిరితిత్తులకి బ్రాండ్ తెలీదు.

పురానీ హవేలీకి వెళ్తే ఆ వార్డ్‌రోబ్ చూడండి, చాలా బాగుంటుంది. తిరిగొచ్చేటప్పుడు రైల్లో జనగామ దాటాక కిటికీ పక్కన కూర్చుని ఆ పట్టాల గురించి ఒక్క నిమిషం ఆలోచించండి. ఇంటికెళ్ళి మీ తాతనో నానమ్మనో అడగండి: గడీ ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు వేసుకునేవాళ్ళా అని. వాళ్ళేం చెప్పారో కామెంట్‌లో రాయండి, నేను ప్రతి ఒక్కటీ చదువుతా. మళ్ళీ ఇంకో కథతో కలుద్దాం. అప్పటిదాకా సెలవు.